జాబితాలో పేరు లేనివాళ్లకు ‘ఛాలెంజ్ ఓటు’ అనేది లేదు

ఎన్నికలు దగ్గరపడగానే బెంగళూరులోని తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో పాత మెసేజ్ ఒకటి మళ్లీ చక్కర్లు కొడుతుంది. అందులో ఉండేవి మూడు మాటలు. జాబితాలో పేరు లేకపోతే ఆధార్ చూపించి ‘సెక్షన్ 49ఎ’ కింద ఛాలెంజ్ ఓటు అడగండి. మీ ఓటు ఇంకెవరో వేసేసి ఉంటే టెండర్ ఓటు అడగండి. ఒక బూత్‌లో టెండర్ ఓట్లు 14 శాతం దాటితే అక్కడ రీపోలింగ్ పెడతారు. వీటికి తోడు, ఊరు వెళ్లక్కర్లేదు, ఆన్‌లైన్‌లో ఓటేయొచ్చన్న మాట కూడా తిరుగుతోంది. ఈ నాలుగింటిలో ఒక్కటే సగం నిజం.

మొదట 49ఎ. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో ఆ నంబరు ఉన్నమాట వాస్తవమే. కానీ అది ఓటింగ్ యంత్రం తయారీ గురించి: ప్రతి ఈవీఎంకు కంట్రోల్ యూనిట్, బ్యాలెట్ యూనిట్ ఉండాలని చెబుతుంది. ఛాలెంజ్ గురించి ఉన్నది 49జెలో. అక్కడ కూడా ఛాలెంజ్ చేసేది మీరు కాదు, అభ్యర్థి తరఫున కూర్చున్న పోలింగ్ ఏజెంట్. ‘ఈ వచ్చినాయన ఆ పేరుగల మనిషి కాదు’ అని 2 రూపాయలు నగదుగా కట్టి అభ్యంతరం చెబుతాడు. బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ అధికారి జాబితాలోని వివరాలు పూర్తిగా చదివి, అవి మీవేనా అని అడిగి, ఫారం 14లో మీ పేరు, చిరునామా రాసి సంతకం తీసుకుంటారు. ఏజెంట్ తన మాట రుజువు చేయలేకపోతే మీరు ఓటేస్తారు. అంటే ఇదంతా జాబితాలో పేరున్న మనిషి గురించే. పేరే లేనివాళ్లు ఓటేయడానికి 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ ఒప్పుకోదు. ఆధార్ మీరెవరో చెబుతుంది, అంతవరకే. జాబితాలోకి పేరు ఎక్కించదు.

టెండర్ ఓటు నిజంగానే ఉంది, 49పి నిబంధన కింద. అయితే మెసేజ్ చదివినవాళ్లు అనుకునేట్టు అది మీట నొక్కే ఓటు కాదు. అధికారి అడిగిన ప్రశ్నలకు సరైన జవాబులు చెప్పాక, ఫారం 17బిలో సంతకం చేయించుకుని మీకు కాగితం బ్యాలెట్ ఇస్తారు. ఇందుకోసం ఒక్కో బూత్‌కు మామూలుగా 20 కాగితాలు పంపుతారు. బాణం గుర్తు రబ్బరు స్టాంపు వేసి మడిచి ఇస్తే, దాన్ని విడిగా కవరులో పెడతారు. యంత్రంలో ఎందుకు వేయనివ్వరంటే, మీ వరుస నంబరు మీద ఒక ఓటు అప్పటికే పడిపోయింది. అది ఏ గుర్తుకు పడిందో యంత్రం చెప్పలేదు, కాబట్టి వెనక్కి తీయడం కుదరదు. సాయంత్రం కంట్రోల్ యూనిట్‌లో ‘టోటల్’ నొక్కినప్పుడు వచ్చే అంకె, ఫారం 17ఎ రిజిస్టరులో ఓటేసినవాళ్ల లెక్కతో సరిపోవాలి. ఆ అంకెనే ఫారం 17సిలో రాసి ఏజెంట్లకు నకలు ఇస్తారు. అదే మనిషి పేరు మీద రెండో మీట నొక్కనిస్తే ఆ లెక్క తప్పుతుంది. ఈ కాగితం మామూలు లెక్కింపులోకి రాదు. హైకోర్టులో ఎన్నికల పిటిషన్ పడితే అప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది. అయినా అడిగి తీసుకోండి. దొంగ ఓటు పడిందనడానికి రికార్డులో మిగిలే ఆధారం అదే.

14 శాతం లెక్క ఏ నిబంధనలోనూ లేదు. పోలింగ్ మళ్లీ పెట్టేది యంత్రం పాడైనా, ఎత్తుకుపోయినా (1951 చట్టం 58వ సెక్షన్), బూత్ ఆక్రమణ జరిగినా (58ఎ).

ఇక ఆన్‌లైన్ ఓటు. సైనికుల వంటి సర్వీసు ఓటర్లకు పోస్టల్ బ్యాలెట్‌ను ఎలక్ట్రానిక్‌గా పంపే పద్ధతి ఉంది. దాంట్లో కూడా పంపడమే ఆన్‌లైన్. వాళ్లు ప్రింటు తీసి, ఓటు గుర్తు పెట్టి, తపాలాలోనే వెనక్కి పంపాలి. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ కడపలోనో అనంతపురంలోనో ఓటున్నవాళ్లకు ఆ వీలు లేదు. విదేశాల్లో ఉన్న మనవాళ్లు కూడా బూత్‌కు వచ్చే వేయాలి.

ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇంకొకటుంది. ఇల్లు మారి బెంగళూరులో స్థిరపడ్డాక, చిరునామా మార్పుకు పెట్టాల్సిన ఫారం 8 బదులు కొత్త ఓటరుకిచ్చే ఫారం 6 పెడతారు. దాంతో ఊళ్లో పేరు అలాగే ఉంటుంది, ఇక్కడ ఇంకోటి చేరుతుంది. ఇంకెక్కడా ఓటు లేదని ఫారం 6లో తప్పుడు ప్రకటన ఇస్తే 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో బెంగళూరులో ఏప్రిల్ 26న, ఆంధ్ర, తెలంగాణల్లో మే 13న పోలింగ్ జరిగింది. తేదీలు వేరైనా ఎన్నిక ఒకటే. రెండుచోట్లా వేస్తే 1951 చట్టం 62వ సెక్షన్ ప్రకారం రెండు ఓట్లూ చెల్లవు.

ఆ మెసేజ్ వచ్చినప్పుడు ఫార్వర్డ్ చేసేముందు ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎపిక్ (ఓటరు కార్డు) నంబరుతో వెతకండి. కార్డు చేతిలో ఉందని పేరు జాబితాలో ఉన్నట్టు కాదు. పార్ట్ నంబరు, వరుస నంబరు రాసిపెట్టుకోండి. పేరు లేకపోతే ఓటర్ల హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేయండి, ఫారం పెట్టండి. నామినేషన్ల చివరి రోజు గడిచాక జాబితాలో మార్పులు చేయరు. అర్జీ మీద అభ్యంతరాలకు ఏడు రోజులు ఆగాలి కాబట్టి, చివరి రోజున పెట్టిన ఫారం ఆ ఎన్నికకు అందదు.