వైరస్ ఊరు మార్చిన నవల, మార్చని ఫార్వర్డ్

మా డిగ్రీ బ్యాచ్ గ్రూపులో ఆ మెసేజ్ మళ్ళీ దిగింది. పొద్దున హన్మకొండ నుంచి ఒకాయన పెట్టాడు, అది చూడకుండానే కాజీపేట నుంచి ఇంకొకాయన. "సైన్స్ ఫిక్షన్ రచయితలు కాలజ్ఞానులు. వెర్న్ చంద్రయానం చూశాడు, ఇంకొకరు టైటానిక్ చూశారు, మరొకరు 1981లోనే ఊహాన్ వైరస్ చూశారు. పాత్రలు ఉత్త డమ్మీలు, జోస్యం ఒక్కటే చదవండి." కింద వరసగా దండాలు.

జూల్స్ వెర్న్ 1865 నవలలో ముగ్గురిని ఫ్లోరిడా నుంచి చంద్రుడి వైపు పంపిన మాట నిజమే. ఫిరంగిలో పెట్టి పేల్చాడు! ఆ దెబ్బకి లోపలున్నవాళ్ళు పచ్చడైపోతారు. మెసేజ్‌లో ఫిరంగి ఊసే లేదు.

టైటానిక్ మునగకముందే ఓడ మునిగే కథ రాసిన ఆయన, మోర్గాన్ రాబర్ట్‌సన్, ఓడల మీద పనిచేసినవాడు. మంచుకొండలున్న సముద్రంలో ఓడ మంచుకొండకే గుద్దుకుంటుంది. కథలో ఓడ పేరు 'టైటాన్' కలిసింది, సరే.

అసలు తంటా వైరస్‌తో. డీన్ కూంట్జ్ నవల 1981లో వచ్చినప్పుడు అందులో ఊహానే లేదు. వైరస్ పేరు గోర్కీ-400, తయారుచేసింది రష్యావాళ్ళు. 1989 ముద్రణలో శత్రువు మారాడు, ఊరూ మారింది, ఊహాన్-400 అయింది. దివ్యదృష్టికి సవరణ ప్రతి కూడా ఉంటుందని నాకిప్పుడే తెలిసింది. పైగా నవలలో అది సోకితే నూటికి నూరు మందీ పోతారు. కోవిడ్ అలాంటిదే అయితే ఫార్వర్డ్ కొట్టడానికి మనలో ఎంతమంది మిగిలేవాళ్ళో. దాంతో కలిపి తిప్పే పేజీ ఉంది కదా, '2020 ప్రాంతంలో న్యుమోనియా లాంటి జబ్బు' అని? అది ఆ నవలలోదే కాదు. జోస్యాలు చెప్పుకునే సిల్వియా బ్రౌన్ 2008లో వేసిన పుస్తకంలోది. రెండూ ఒకే ఫోటోలో అతికించారు. నవ్వి ఊరుకునేవాడినే. కానీ 2021లో మనలోనే ఒకాయన ఈ ఫోటో చూపించి "అంతా ముందే ప్లాన్ చేసిందే, సూదెందుకు" అని వాళ్ళమ్మని టీకాకి పంపలేదు. ఎంత పరేషాన్ అయ్యామో గుర్తుందా అన్నా?

ఇక పాత్రలు డమ్మీలట. అసిమోవ్ 'ఫౌండేషన్' మొదటి పుస్తకం వరకూ నేనూ ఒప్పుకుంటా. గెలాక్సీ అంతా సామ్రాజ్యం, చేతిలో అణుశక్తి, మేయర్ గారు మాత్రం చుట్ట కాలుస్తుంటాడు. ఆడమనిషి కనపడటమే గగనం. యంత్రాలు మారతాయనుకున్నాడు గానీ మనుషులు మారతారనుకోలేదు. పాత్ర తేలిపోయిన చోటే ముందుచూపూ తేలిపోయింది.

బ్రాడ్‌బరీ నవల 'ఫారెన్‌హీట్ 451' (1953) చూడండి. అందులో కథానాయకుడి పెళ్ళాం మిల్డ్రెడ్ చెవుల్లో గవ్వల్లాంటి బుల్లి రేడియోలు. "ఇయర్‌బడ్స్ ముందే చెప్పాడు" అని మురిసిపోతారు. ఆమె మాత్రం వాటిని తీయకుండానే, మొగుడి పెదాలు చూసి మాట పట్టేస్తుంది, పదేళ్ళ అలవాటు. రాత్రి నిద్రమాత్రలన్నీ మింగి చావు దాకా వెళ్ళి, పొద్దున లేచి ఆకలేస్తోందంటుంది. మొదట ఎక్కడ కలుసుకున్నారో మొగుడూ పెళ్ళాలిద్దరికీ గుర్తురాదు. మిల్డ్రెడ్‌ని తీసేస్తే అందులో మిగిలేది రెండు గవ్వలు.

మీకు నిజంగా పనికొచ్చే ముక్క ఒకటుంది, దాన్నే వదిలేశారు. హెచ్.జి. వెల్స్ 1914లో అణుబాంబులతో నవల రాశాడు. అది 1932లో చదివిన భౌతికశాస్త్రవేత్త లియో జిలార్డ్‌కే మరుసటి ఏడు, అణుబాంబుకి మూలమైన చైన్ రియాక్షన్ ఆలోచన తట్టింది. అది జోస్యం ఫలించడం కాదు, ఒక పాఠకుడు పుస్తకం పూర్తిగా చదవడం.

బ్రాడ్‌బరీ పుస్తకం నా దగ్గరుంది, ఎవరికన్నా కావాలంటే ఇస్తా. ఒక్క పేజీ ఫోటో తీసి గ్రూపులో పెట్టకుంటే చాలు.