గోల్కొండ మీద ఎక్కుపెట్టిన పాట

ఏటా ఆగస్టు 18న, మొఘలుల మీద తిరగబడ్డ సర్దార్ సర్వాయి పాపన్న జయంతిని తెలంగాణ ప్రభుత్వమే అధికారికంగా జరుపుతోంది. 1710లో మొఘల్ సర్కారు ఆయనను చంపించి, తలను బాదుషా కొలువుకు పంపి, శరీరాన్ని ఇదే హైదరాబాద్ దర్వాజాకు వేలాడదీసింది. మొఘల్ కాలపు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాతల్లో ఆయన గజదొంగ. విధవరాలైన సొంత అక్కను దోచుకుని ముఠా కట్టినవాడు.

మరి ఈ దొంగను వీరుడిగా నిలబెట్టింది ఎవరు? ఏ రాజూ శాసనం వేయించలేదు. ఊరూరా తిరిగి కథలు చెప్పుకునేవాళ్లు పాడారు, జనం విన్నారు. 1874లో జె.ఎ. బాయిల్ 'ఇండియన్ యాంటిక్వరీ' అనే పత్రికలో ఆ పాటను అచ్చు వేసేనాటికి పాపన్న చనిపోయి నూట అరవై ఏళ్లు దాటింది. అందులో ఆయన కులవృత్తి అయిన కల్లుగీత నాకొద్దని తల్లితో తెగేసి చెప్తాడు, గోల్కొండను కొడతానంటాడు. నిజానికి 1687లోనే గోల్కొండ మొఘలుల చేతికి పోయింది. అయినా పాటగాళ్లకు దొరతనమంటే ఆ కోటే.

పాపన్న పోయిన రెండు శతాబ్దాలకు పైగా గడిచాక, నిజాం మీద సాగిన సాయుధ పోరాటంలో బండి యాదగిరి 'బండెనక బండి కట్టి' పాటలో నిజాంకు గోరీ కడతామన్నదీ గోల్కొండ ఖిల్లా కిందే. 2024లో రాష్ట్ర గీతమైన అందెశ్రీ పాటలో మాత్రం గోల్కొండ నవాబుల పేరు గొప్పగా వినిపిస్తుంది. రాజ్యం మనదైంది కాబట్టి కోటా మనదైంది. ఇందులో తప్పేమీ లేదు. కాకపోతే ఎదురు తిరిగిన పాట, పండుగ పాట ఒకే పని చేయవు.

నా బాధ ఇంకొకటి. 1708లో మొహర్రం వేళ పాపన్న మనుషులు వరంగల్ మీద పడి, ఆడవాళ్లను, పిల్లలను సహా వేలమందిని చెరపట్టారు. మరుసటి ఏడాది హైదరాబాద్‌కు వచ్చిన మొఘల్ బాదుషా బహదూర్ షా దగ్గర పాపన్న కానుకలిచ్చి గౌరవ వస్త్రం కూడా అందుకున్నాడు. జయంతి సభల్లో ఈ మాటలు వినపడవు. గీత కార్మికుల ఇంట పుట్టి మొఘల్ ఫౌజులను ఏళ్ల తరబడి ముప్పుతిప్పలు పెట్టిన మనిషి ఆయన. ఉన్నదున్నట్టు చెబితే ఆయన స్థాయి తగ్గదు. బడిపిల్లలకు పాపన్న పాఠం చెప్పేటప్పుడు ఆ పాటనూ ఖాఫీ ఖాన్ రాతనూ పక్కపక్కన పెట్టి చదివించాలి. చెరలో పడ్డ వరంగల్ ఆడవాళ్ల మీద పాట కట్టినవాళ్లు ఎందుకు లేరని ఆ పిల్లలు అడిగితే, అడగనివ్వాలి.