స్నో బూట్లతో పెడల్ తొక్కమంటున్న ఆ ఫార్వర్డుకి నా జవాబు

అమెరికా, కెనడాల్లో మంచు పడటం మొదలైతే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ మళ్లీ తిరుగుతుంది. దాని సారాంశం ఇది: ఆర్గాన్, పియానో, హార్ప్ (నిలబెట్టి వేళ్లతో మీటే పెద్ద తీగల వాద్యం), డ్రమ్స్, ఏది వాయించేవాళ్లకైనా చలికాలంలో మందపాటి రబ్బరు సోల్ ఉన్న స్నో బూట్లే మంచివి, జారవు, వెచ్చగా ఉంటాయి, హీల్ వట్టి ఫ్యాషన్, విడిగా షూస్ కొనడం డబ్బు దండగ, మరీ ఇబ్బందైతే ఊలు సాక్సులతో వాయించుకోండి. మిన్నెసోటాలో చర్చి ఆర్గాన్ వాయించే మనిషిగా దీన్ని చూసీ చూడనట్టు వదిలేయడం ఇక నా వల్ల కాదు.

"జారవు" అన్నదగ్గరే తేడా కొట్టింది. మంచు మీద జారకూడదు, సరే, పెడల్ మీద మాత్రం కాస్త జారాలి. పైప్ ఆర్గాన్‌కి కాళ్లతో వాయించే కీబోర్డు వేరే ఉంటుంది, ఇక్కడ మామూలుగా 32 చెక్క మెట్లు, అంటే కీలు, ఒక్కో మెట్టు వెడల్పు అంగుళం కూడా ఉండదు. కిందికి చూడకుండా పాదంతో తడుముకుంటూ వాయించాలి, ఒక కాలు నొక్కి ఉంచిన మెట్టు మీదికే స్వరం తెగకుండా రెండో కాలు తెచ్చి, మొదటిది మెల్లగా తప్పించాలి. రబ్బరు చెక్కని పట్టేసుకుంటుంది, పాదం తిరగనే తిరగదు. పైగా బూటు ముందుభాగం పక్క మెట్టుని కూడా తొక్కేస్తుంది, రెండు మంద్ర స్వరాలు ఒకేసారి మోగాయంటే వెనక బెంచీలో కునికే తాతగారు కూడా లేచి చూస్తారు. అందుకే ఆర్గాన్ షూస్‌కి పల్చటి తోలు సోలో, స్వెయిడ్ (నూగుతో మెత్తగా ఉండే తోలు) సోలో వేస్తారు.

హీల్ ఫ్యాషనట! ఒకే పాదంతో మునివేళ్లు ఒక మెట్టు, మడమ ఇంకో మెట్టు నొక్కాలి, ఆ అంగుళం పైచిలుకు హీల్ ఉంటే చీలమండని మరీ వంచకుండానే మడమ మెట్టుకి అందుతుంది. స్నో బూటు చీలమండనే బిగించేస్తుంది. అది కదలకపోతే ప్రతి స్వరానికీ తొడ నుంచి కాలెత్తి వేయాల్సిందే.

పియానో సంగతి వేరు. అక్కడ మడమ నేల మీదే ఉంటుంది, పాదం ముందుభాగం మాత్రమే పెడల్ మీద. తీగల మోతని ఆపే డ్యాంపర్లు తీగలకి తాకీ తాకనట్టు ఉండే చోట పెడల్‌ని ఆపడం అసలు పనితనం, ఆ చోటు ఎక్కడుందో పాదానికి తెలియాలి. మధ్యలో దళసరి రబ్బరుంటే ఏం తెలుస్తుంది? హార్ప్‌కైతే తీగల స్వరం మార్చే 7 పెడల్స్, ఎడమ కాలికి మూడు, కుడి కాలికి నాలుగు, ఒక్కోదానికి మూడేసి గాళ్లు. బూటు అంచు తగిలి పక్క పెడల్ గాడి మారిందా, ఆ స్వరం తాలూకు తీగలు దాదాపు అన్నీ అరస్వరం మారిపోతాయి, మీరు పాట మధ్యలో ఉంటారు.

ఇక ఆ మెసేజ్ ఊసే ఎత్తనిది ఉప్పు. రోడ్ల మీద చల్లే ఉప్పు, ఇసుక బూట్ల అడుగు గాళ్లలో ఇరుక్కుని లోపలికి వచ్చేస్తాయి. ఒకసారి మా దగ్గర పెళ్లికి వాయించడానికి వచ్చినాయన బూట్లతోనే ఎక్కి కూర్చున్నాడు. ఆయన వెళ్లాక చూస్తే మెట్ల మీద తెల్లటి చారలు, రెండు మెట్ల మధ్య కందిగింజంత గులకరాయి, దానివల్ల ఒక మెట్టు నొక్కితే పైకి రావట్లేదు. టార్చి వేసుకుని చీపురుపుల్లతో తీశాను. పియానో ఇత్తడి పెడల్స్‌కి కూడా తడి ఉప్పు తగిలితే మెరుపు పోతుంది.

సాక్సుల మాటలో కొంత నిజం ఉంది, అలా అలవాటైన ఆర్గనిస్టులూ డ్రమ్మర్లూ ఉన్నారు. మన ఊళ్లలో చాలా చర్చిల్లో చెప్పులు బయటే వదిలి, వట్టి కాలితోనే కీబోర్డు సస్టెయిన్ పెడల్ (స్వరాన్ని సాగదీసేది) తొక్కుతాం కూడా. కానీ ఊలు సాక్సు నున్నటి ఇత్తడి మీద సర్రున జారుతుంది, ఆర్గాన్ దగ్గర హీల్ ఉండదు. డ్రమ్స్‌కి రబ్బరు సోల్ నిజంగానే పనికొస్తుంది, అయితే పల్చటి స్నీకర్స్‌ది, బూట్లది కాదు.

వెచ్చదనానికి దారి ఉంది. బూట్లతో రండి, తలుపు దగ్గరే విప్పండి, సంచిలోంచి వాయించే షూస్ తీసి పల్చటి ఊలు సాక్సు మీద వేసుకుని, మొదలుపెట్టడానికి పావుగంట ముందే కాసేపు నడవండి. ఆ షూస్‌ని రాత్రంతా కారు డిక్కీలో వదలొద్దు, మైనస్ 20లో సోల్ బిర్రబిగుసుకుపోతుంది. వాటితో మంచులోకి అడుగు పెట్టొద్దు, స్వెయిడ్ ఒకసారి తడిస్తే గట్టిపడుతుంది.

డబ్బు దండగ అంటారా, ఆర్గాన్ షూసే కొనక్కర్లేదు. బాల్‌రూమ్ డ్యాన్స్ షూస్‌కి కూడా స్వెయిడ్ సోలే, చిన్న హీలే, వెతికితే తక్కువలో దొరుకుతాయి. పియానోకి అదీ అక్కర్లేదు, ఆఫీసుకి వేసుకునే పల్చటి సోల్ షూస్ ఓ జత, లోపల మాత్రమే వాడేలా పక్కన పెట్టుకుంటే చాలు.