క్రాపర్ ఇంటిపేరుకు అంటిన మరక

సోషల్ మీడియాలో ఒక మెసేజ్ ఎన్నో ఏళ్లుగా తిరుగుతోంది. "ఫ్లష్ టాయిలెట్‌ని కనిపెట్టింది ఇంగ్లండుకు చెందిన సర్ థామస్ క్రాపర్. ఇంగ్లీషులో మలాన్ని క్రాప్ అనడం ఆయన ఇంటిపేరు వల్లే మొదలైంది. విక్టోరియా రాణి ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది" అని దాని సారాంశం. చదివినవాళ్లు నవ్వుకుని ఇంకో పదిమందికి పంపుతారు. థామస్ క్రాపర్ నిజంగా ఉన్న మనిషి, మంచి పనివాడు. ఆ ఇంటిపేరు పెట్టుకున్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. అందుకే ఈ మెసేజ్‌ని నవ్వి వదిలేయడం నాకు ఇష్టం లేదు.

ముందు క్రాప్ అనే మాట సంగతి చూద్దాం, అసలు అన్యాయం అక్కడే జరిగింది.

క్రాపర్ 1836లో యార్క్‌షైర్‌లోని థార్న్ అనే ఊళ్లో పుట్టాడు. క్రాప్ అనే మాట ఇంగ్లీషులో అంతకు నాలుగు వందల ఏళ్ల ముందే ఉంది. 15వ శతాబ్దంలో దాని అర్థం పొట్టు, ఊక. ధాన్యం తూర్పారబడితే ఎగిరిపోయేది, జల్లెడ పడితే మిగిలేది, పనికిరానిది. పాత ఫ్రెంచిలోనూ మధ్యయుగపు లాటిన్‌లోనూ ఇలాంటి మాటలే ఉన్నాయి. పనికిరాని చెత్త అనే అర్థం నుంచి అది మెల్లగా మలం దాకా జారింది. 1846లో మరుగుదొడ్డికి వాడిన ఒక యాస మాటలో ఈ అర్థం అచ్చులో కనిపిస్తుంది. అప్పటికి థామస్‌కు పదేళ్లు. పదేళ్ల పిల్లవాడి ఇంటిపేరు నుంచి దేశమంతా తిట్టు తయారు చేసుకుందంటే ఎలా నమ్మడం?

మరి ఆ ఇంటిపేరు ఎక్కడిది? క్రాపర్ అనేది అంతకంటే ఎక్కువగా కనిపించే 'క్రోపర్' అనే పేరుకు మరో రూపం. పాత ఇంగ్లీషులో క్రోప్ అంటే మొక్క తల, కంకి. కంకులు కోసేవాడు, పంట కోతకు వెళ్లేవాడు క్రోపర్. స్మిత్, బేకర్ లాగే వృత్తిని బట్టి వచ్చిన ఇంటిపేరు ఇది. 'ఒ' కాస్తా 'ఆ' కావడం కూడా వింతేమీ కాదు. స్కాట్లండు మాటలో టాప్‌ను ట్యాప్ అన్నట్టే, పంటకు వాడే క్రోప్ అనే మాటను కూడా క్రాప్ అనే పలుకుతారు.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక చిన్న విశేషం. మనం "క్రాపు చేయించుకున్నాడు", "క్రాపు దువ్వుకున్నాడు" అంటాం కదా, ఆ క్రాపు ఈ కుటుంబానికి చెందిన మాటే. మొక్క తల కోయడం, కత్తిరించడం అనే అర్థంలోంచి జుట్టుకు వచ్చింది. తెలుగు ఇళ్లలో ఏ మచ్చా లేకుండా తిరిగిన మాట పుట్టినచోట వెక్కిరింతకు గురి కావడం చూస్తే నాకు బాధగానే ఉంటుంది.

మనకూ ఇలాంటి ఉదాహరణ ఉంది. దొడ్డి అంటే పశువులను కట్టే చోటు, ఇంటి వెనక పెరడు. తర్వాతే "దొడ్డికి వెళ్లడం" అనే వాడుక వచ్చింది. 1946లో కడవెండిలో ప్రాణాలిచ్చిన దొడ్డి కొమరయ్య పేరు వింటే ఆ వాడుకను తలచుకుని ఎవరైనా నవ్వుతారా? క్రాపర్ కుటుంబాలకూ ఆ మర్యాద దక్కాలి.

ఇక టాయిలెట్‌ని కనిపెట్టడం. మొదటి ఎలిజబెత్ రాణికి జ్ఞానపుత్రుడైన సర్ జాన్ హారింగ్టన్ నీళ్లతో కడిగే మరుగుదొడ్డిని 1596లోనే వర్ణించాడు. గడియారాలు చేసే అలెగ్జాండర్ కమింగ్ 1775లో పేటెంటు తీసుకున్నాడు. గొట్టాన్ని వంచి, ఆ వంపులో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలిచేలా చేయడం అతని ఆలోచన. ఆ నీళ్లు దాటి కంపు పైకి రాదు. మన ఇళ్లలో టాయిలెట్ కింద ఈనాటికీ ఉన్నది ఆ వంపే. 1778లో జోసెఫ్ బ్రామా ఇంకో మెరుగైన పేటెంటు పొందాడు. 1851లో లండన్ మహా ప్రదర్శనలో జార్జ్ జెన్నింగ్స్ పెట్టిన మరుగుదొడ్లను 8 లక్షల మందికి పైగా డబ్బిచ్చి వాడుకున్నారు. క్రాపర్ సొంతంగా వ్యాపారం పెట్టింది 1861లో.

పొరపాటు ఎక్కడ మొదలైందో కూడా చెప్పుకోవాలి. ఆ రోజుల్లో ట్యాంకు అడుగున ఉండే వాల్వు అరిగిపోయి నీళ్లు కారుతూ ఉండేవి. వాల్వు లేకుండా సైఫన్ అనే వంపు గొట్టంతో నీళ్లు లాగే పద్ధతి ఒకటి క్రాపర్ కంపెనీ ప్రకటనల్లో కనిపించేది. కానీ 1898 నాటి ఆ 4990వ నంబరు పేటెంటు ఆల్బర్ట్ గిబ్లిన్ పేరు మీద ఉంది. క్రాపర్‌కు మొత్తం తొమ్మిది పేటెంట్లు ఉన్నాయి. వాటిలో మూడు మరుగుదొడ్డికి చేసిన మెరుగులు, ఫ్లష్ టాయిలెట్ మాత్రం వాటిలో లేదు.

సర్ బిరుదు మాట పూర్తిగా కల్పితం. ఆయనకు రాజకుటుంబం పనులు దొరికాయి, అది నిజం. 1880లలో యువరాజు ఎడ్వర్డ్ శాండ్రింగ్‌హామ్ భవనంలో ప్లంబింగ్ పని ఆయనకే అప్పగించాడు. రాజకుటుంబానికి సరఫరా చేసేవాడిగా గుర్తింపు రావడం వేరు, సర్ బిరుదు రావడం వేరు.

మెసేజ్‌లో నిజానికి దగ్గరగా వచ్చేది ఒక్కటే, అది కూడా తలకిందులుగా. అమెరికా యాసలో టాయిలెట్‌ను 'క్రాపర్' అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి వచ్చిన అమెరికా సైనికులు ఇంగ్లండులో మరుగుదొడ్ల నీళ్ల ట్యాంకుల మీద ఆయన కంపెనీ పేరు చూసి అలా పిలిచారని ఎక్కువమంది చెప్పే వివరణ. అదే నిజమనుకున్నా, పాత మాటకు ఆ ఇంటిపేరు కలిసొచ్చి నవ్వు పుట్టించింది, అంతే.

ఆయన గొప్పతనం చెప్పుకోవాలంటే వేరే ఉంది. బాత్రూమ్ సామాను గురించి పైకి మాట్లాడటమే సిగ్గుగా భావించిన కాలంలో ఆయన లండన్‌లోని చెల్సీలో షోరూమ్ తెరిచి వాటిని అందరికీ కనిపించేలా పెట్టాడు. 1910 జనవరి 27న చనిపోయాడు. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బే అనే పెద్ద చర్చిలో నేల మీద చూస్తూ నడిస్తే, ఆయన కంపెనీ పేరున్న మ్యాన్‌హోల్ మూతలు ఇప్పటికీ కనిపిస్తాయి.