ఎవరి జీవితానికి ఎంత బడ్జెట్?

1992 మే 19న న్యూయార్క్‌లోని హార్లెంలో, నల్లజాతి చరిత్ర పత్రాలను భద్రపరిచే షోంబర్గ్ కేంద్రానికి దర్శకుడు స్పైక్ లీ విలేకరులను పిలిచారు. ఆ రోజు అమెరికా నల్లజాతి హక్కుల నాయకుడు మాల్కం ఎక్స్ పుట్టినరోజు. 1965 ఫిబ్రవరి 21న అదే నగరంలో, ఆడుబాన్ సభామందిరంలో తూటాలకు బలికాకుండా ఉంటే ఆయనకు ఆనాటికి 67 ఏళ్లు నిండేవి. ఆయన జీవితంపై తీస్తున్న సినిమా అప్పటికి ఎడిటింగ్ గది దాటలేక ఆగిపోయింది. చేతిలో డబ్బు లేదు. పని మళ్లీ కదిలేలా చేసినవారి పేర్లను లీ ఆ రోజు వెల్లడించారు. టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రే, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు మైకేల్ జోర్డాన్, మ్యాజిక్ జాన్సన్, గాయకులు జానెట్ జాక్సన్, ప్రిన్స్, ట్రేసీ చాప్‌మన్ తదితరులు. అందరూ నల్లజాతివారే. వారిచ్చింది అప్పు కాదు, పెట్టుబడీ కాదు. లాభంలో వాటా అడగకుండా చెక్కు రాసి ఇచ్చారు.

మే 19 వచ్చినప్పుడు మాల్కం ఎక్స్ ప్రసంగాలను తలచుకోవడం ఆనవాయితీ. ఈసారి మేము ఆయన సినిమా పద్దు పుస్తకాన్ని తెరిచి చూడదలచుకున్నాం. హక్కుల కోసం పోరాడినవారి కథకు సమాజం ఎంత విలువ కడుతుందో ఆ పద్దులు చెప్పినంత సూటిగా మరేవీ చెప్పవు.

ఆయన ఆత్మకథను సినిమాగా తీసే హక్కులను నిర్మాత మార్విన్ వర్త్ 1967లోనే కొన్నారు. జేమ్స్ బాల్డ్విన్ అంతటి రచయిత స్క్రిప్టు రాశారు. అయినా పాతికేళ్ల పాటు సినిమా రాలేదు. చివరికి తెల్లజాతి దర్శకుడు నార్మన్ జూయిసన్ దర్శకత్వంలో తీద్దామనుకున్నప్పుడు, ఈ కథను నల్లజాతి దర్శకుడే చెప్పాలని లీ గట్టిగా పట్టుబట్టారు. జూయిసన్ తప్పుకున్నారు. ఆ తర్వాత లీ మీద కూడా నిరసనలు వచ్చాయి. కవి అమీరీ బరాకా వంటివారు హార్లెం వీధుల్లో సభలు పెట్టి, మాల్కం జీవితాన్ని లీ ఏం చేస్తారోనని నిలదీశారు. ఇటు సొంత జనం, అటు స్టూడియో. మధ్యలో నిలబడి లీ లెక్కలు వేసుకున్నారు.

ఆయన అడిగింది 3.3 కోట్ల డాలర్లు. ఆనాటి మారకం రేటులో సుమారు 85 కోట్ల రూపాయలు. వార్నర్ బ్రదర్స్ ఇస్తానన్నది 2 కోట్ల డాలర్లు. విదేశీ హక్కుల కింద లార్గో సంస్థ నుంచి మరో 80 లక్షలు వచ్చాయి. రెండూ కలిపితే 2.8 కోట్లు. అంటే మొదటి షాటుకు క్లాప్ కొట్టకముందే 50 లక్షల డాలర్లు తక్కువ. ఆ లోటు ఎక్కడికీ పోలేదు. చిత్రీకరణ పొడుగునా వెంట నడిచి, చివరికి ఎడిటింగ్ బల్ల మీదికి వచ్చి కూర్చుంది.

ఇక్కడ హాలీవుడ్ పద్ధతి ఒకటి తెలియాలి. పెద్ద సినిమాకు డబ్బు పెట్టేవారు కంప్లీషన్ బాండ్ అడుగుతారు. సినిమా అనుకున్న ఖర్చులో పూర్తవుతుందని ఒక సంస్థ రుసుము తీసుకుని పూచీ పడుతుంది. ఖర్చు మించితే ఆ భారం మోయవలసింది అదే. బదులుగా సినిమా పగ్గాలు చేతిలోకి తీసుకునే అధికారం దానికి ఉంటుంది. లీ సినిమా విషయంలో అదే జరిగింది. అనుకున్న మొత్తం దాటిపోయింది. పూచీ పడిన సంస్థ ఇక పైసా ఇవ్వనంది. ఎడిటింగ్ గదిలో పనిచేస్తున్నవారికి రిజిస్టర్డ్ ఉత్తరాలు వచ్చాయి, రేపటి నుంచి పని లేదని. మూడు ఖండాల్లో తీసిన రీళ్లు అల్మరాల్లో ఉన్నాయి. వాటిని అతికించే చేతులను ఇంటికి పంపించేశారు. లీ తనకు రావలసిన 30 లక్షల డాలర్ల పారితోషికంలో 20 లక్షలు తిరిగి సినిమాలోనే పెట్టేశారు. అదీ చాలలేదు. అప్పుడే ఫోను అందుకున్నారు.

ఆ ఖర్చంతా ఎక్కడికి పోయిందో ఒక్కో పద్దు చూద్దాం. 1940ల బోస్టన్ వీధిలో యువ మాల్కం నడిచి వస్తాడు. మోకాళ్ల దాకా దిగే కోటు, ఎత్తు భుజాలు, వెడల్పు అంచు టోపీ, నడుము నుంచి వేలాడే గొలుసు. దాన్ని జూట్ సూట్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ప్రభుత్వం ఉన్ని బట్ట వాడకానికి కోత పెట్టింది. నల్లజాతి, మెక్సికన్ కుర్రాళ్లు అలాంటి రోజుల్లో అంత గుడ్డతో సూటు కుట్టించుకుని వీధిలో తిరగడమే ధిక్కారం. తెర మీద గుడ్డ తగ్గిస్తే ఆ ధిక్కారమూ తగ్గుతుంది. సినిమా దుస్తుల రూపకర్త రూత్ కార్టర్ ఆ దుస్తులను ఏ లోపమూ లేకుండా తయారు చేయించారు. ఆస్కార్ నామినేషన్ కూడా అందుకున్నారు. పద్దులో దుస్తులు అని ఒక్క ముక్క రాసి ఉంటుంది. ఆ ముక్క వెనక ఇంత చరిత్ర ఉంది.

ఇక మక్కా. 1964 హజ్ యాత్రలో మాల్కం తెల్లవారితో ఒకే పళ్లెంలో తిన్నారు, ఒకే చాప మీద పడుకున్నారు. మనుషుల గురించి తన అంచనాలను తిరగరాసుకున్నారు. ఆయన జీవితానికి అదే మలుపు. లెక్కల మనిషికి ఇసుక ఎక్కడైనా ఇసుకే. విమానం ఖర్చు లేకుండా అమెరికాలోనే ఎక్కడో గుడారాలు వేయవచ్చు. లీ అందుకు ఒప్పుకోలేదు. సౌదీ అధికారుల నుంచి ప్రత్యేక అనుమతి సంపాదించారు. ముస్లిమేతరులకు ప్రవేశం లేదు కాబట్టి ఆయన స్వయంగా వెళ్లలేకపోయారు. ముస్లింలతోనే ఒక చిత్రీకరణ బృందాన్ని కూర్చి పంపించారు. మక్కా పవిత్ర ప్రాంగణంలో కెమెరా పెట్టిన తొలి అమెరికన్ కథాచిత్రంగా అది నిలిచింది. మాల్కం మారిన చోటును చూపకుండా ఆయన మారారని ప్రేక్షకుణ్ని ఎలా నమ్మిస్తాం? ఆ ఖర్చును దుబారా అనడానికి మాకు నోరు రాదు.

నిడివి మరో పేచీ. సినిమా చివరికి 3 గంటల 22 నిమిషాలు వచ్చింది. ఎక్కువ నిడివి అంటే ఎక్కువ ఫిల్ము, ఎక్కువ పని, రోజుకు తక్కువ ఆటలు. స్టూడియోకు ఆ భయం ఉంది. అయితే అదే వార్నర్ బ్రదర్స్ అంతకు ముందు ఏడాది ఆలివర్ స్టోన్ చేతిలో 4 కోట్ల డాలర్లు పెట్టి, కెనెడీ హత్య మీద మూడు గంటలు దాటిన సినిమాను విడుదల చేసింది. ఆ పోలిక లీ బహిరంగంగానే తెచ్చారు. ఒక అధ్యక్షుడి చావుకు మూడు గంటలు పట్టినప్పుడు, వీధి కుర్రాడిగా మొదలై ఖైదీగా, బోధకుడిగా, చివరికి ప్రపంచ పౌరుడిగా ఎదిగిన మనిషి బతుకుకు ఎంతసేపు పట్టాలి? ఈ పేచీ నడుస్తున్న 1992 ఏప్రిల్ చివరిలోనే, రాడ్నీ కింగ్ అనే నల్లజాతి వ్యక్తిని కొట్టిన పోలీసులను నిర్దోషులుగా తేల్చిన తీర్పు తర్వాత లాస్ ఏంజెలెస్ తగలబడింది. లీ సినిమా ఆ దెబ్బల వీడియోతోనే మొదలవుతుంది.

స్టూడియో వాదన కూడా వినాలి. 1992 నవంబరులో విడుదలైన సినిమా అమెరికాలో సుమారు 4.8 కోట్ల డాలర్లు వసూలు చేసింది. అందులో థియేటర్ల వాటా పోను, ప్రచార ఖర్చులు పోను లెక్క చూస్తే వ్యాపారి భయం ఉత్తిది కాదని తెలుస్తుంది. చాలని బడ్జెట్‌తోనే పని మొదలుపెడుతున్నానని లీకి కూడా తెలుసు. పూచీ పడిన సంస్థ ఒప్పందంలో ఉన్నదే చేసింది. ఇందులో ఎవరినో దుర్మార్గులుగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. మేము చెప్పేది వేరు. ఎవరి లెక్క వారికి సరిగ్గానే ఉంది, అయినా సినిమా ఆగిపోయింది. 2010లో అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారానికి ఎంపికైన కృతి అది. బజారు లెక్కకే వదిలేసి ఉంటే అల్మరాలోనే ఉండిపోయేది. ఇలాంటి చిత్రాలను బజారుకు మాత్రమే వదిలేయకూడదని మేము అనడానికి కారణం ఇదే.

దాతలు ఆదుకున్నారు కదా అనవచ్చు. ముందు మ్యాజిక్ జాన్సన్‌కు ఫోను చేశానని, తర్వాత జోర్డాన్‌కు చేసి జాన్సన్ ఎంత ఇచ్చారో చెప్పానని, ఆట మైదానంలో వెనక్కి తగ్గని జోర్డాన్ ఇక్కడా తగ్గలేదని లీ పలుమార్లు చెప్పుకొచ్చారు. వినడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ జోర్డాన్ ఫోను నంబరు ఎంతమంది దర్శకుల దగ్గర ఉంటుంది? ఒక జాతి జ్ఞాపకం కొందరి పరిచయాల మీద వేలాడవలసి రావడం మంచి స్థితి కాదు.

ఇరవై రెండేళ్ల తర్వాత, 2014లో ఆవా డువర్నే నల్లజాతివారి ఓటు హక్కు కోసం మార్టిన్ లూథర్ కింగ్ నాయకత్వంలో సెల్మా పట్టణంలో సాగిన ఉద్యమాన్ని తెరకెక్కించారు. బడ్జెట్ 2 కోట్ల డాలర్లు. 1992లో లీకి తొలుత ఇస్తామన్నదీ ఇంతే. మధ్యలో ధరలు ఎంత పెరిగాయో చెప్పనవసరం లేదు. ఈ సినిమాకు మరో ఖరీదైన వస్తువు అడ్డొచ్చింది. అది కింగ్ నోటి మాట. ఆయన ప్రసంగాల మీద వారసులకు కాపీరైటు ఉంది. సినిమా హక్కులు అప్పటికే మరో స్టూడియోకు వెళ్లిపోయాయి. అందుకని డువర్నే కింగ్ ప్రసంగాలను తానే కొత్తగా రాసుకున్నారు. లయ ఆయనదే, విరుపు ఆయనదే, మాట మాత్రం ఒక్కటీ ఆయనది కాదు. 1965 మార్చి 7న నిరాయుధుల మీద లాఠీలు విరిగిన ఎడ్మండ్ పెట్టస్ వంతెన మీదనే చిత్రీకరణ జరిగింది. ఆ వంతెన దొరికింది. ఆ మనిషి మాటలు దొరకలేదు.

మన దేశంలో అంబేద్కర్ మాటలకు ఆ చిక్కు లేదు. రచయిత మరణించిన ఏడాది తర్వాత 60 ఏళ్లు దాటితే మన చట్టం ప్రకారం కాపీరైటు తీరిపోతుంది. 1956 డిసెంబరులో కన్నుమూసిన ఆయన బతికుండగా వెలువరించిన రచనలు 2017 నుంచి అందరి సొత్తు. ప్రజాధనంతో హక్కుల నాయకుడి సినిమా తీసిన అనుభవం కూడా మనకుంది. జబ్బార్ పటేల్ దర్శకత్వంలో, మమ్ముట్టి అంబేద్కర్‌గా నటించిన చిత్రానికి కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ, మహారాష్ట్ర ప్రభుత్వం డబ్బు ఇచ్చాయి. మమ్ముట్టికి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. తర్వాత ఏమైంది? తమిళ అనువాదం థియేటర్లకు చేరేసరికి 2010 డిసెంబరు వచ్చింది. అందుకూ మద్రాసు హైకోర్టు గడప తొక్కవలసి వచ్చింది. నిర్మాణానికి కోట్లు ఇచ్చిన చేయి విడుదల దగ్గర ముడుచుకుపోయింది. అమెరికాలో సినిమా పూర్తికాక ఆగింది. ఇక్కడ పూర్తయి ఆగింది. ఏ వాడల జనం కోసం ఆ సినిమా తీశారో ఆ వాడలకు అది ఏళ్ల తరబడి చేరలేదు.

దీనికి పూర్తి భిన్నమైన ఉదాహరణ 1982 నాటి గాంధీ చిత్రం. 2.2 కోట్ల డాలర్ల బడ్జెట్‌లో దాదాపు మూడో వంతు మన జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ పెట్టింది. విదేశీ దర్శకుడికి మన సొమ్మా అని అప్పట్లో పెద్ద రగడ జరిగింది. ఆ పెట్టుబడి లాభంతో తిరిగొచ్చింది. 1981 జనవరి 31న ఢిల్లీ రాజపథంలో అంత్యక్రియల దృశ్యం తీసినప్పుడు సుమారు 3 లక్షల మంది వచ్చారు. వారిలో దాదాపు 2 లక్షల మంది కూలి తీసుకోకుండా, స్వచ్ఛందంగా వచ్చి నిలబడినవారు. తెర మీద ఆ దృశ్యం రెండు నిమిషాల చిల్లర. ఆ రెండు నిమిషాలకు పెద్ద నిర్మాత జనమే.

ఈ అనుభవాలన్నీ ముందు పెట్టుకుని మా డిమాండ్లు చెబుతున్నాం. హక్కుల పోరాట యోధుల చిత్రాలకు కేంద్రం, రాష్ట్రాలు ఇచ్చే నిధిలో విడుదల ఖర్చు మొదటి రోజే విడిగా రాసి పెట్టాలి. ప్రింటు లేదా డిజిటల్ పంపిణీ, అనువాదం, జిల్లా కేంద్రాల్లో ప్రదర్శన అందులోకి రావాలి. డబ్బు ఇచ్చారని స్క్రిప్టు మీద చేయి వేసే అధికారం ఏ శాఖకూ ఉండకూడదు. అలా వేస్తే అది జీవిత చిత్రం కాదు, ప్రచార చిత్రం. ఖర్చు మించినప్పుడు ఎవరు మోయాలో ఒప్పందంలోనే తేల్చుకోవాలి.

తెలుగు రాష్ట్రాలకు ఈ మాట మరీ ముఖ్యం. 1917లో విజయవాడలో జరిగిన తొలి ఆది ఆంధ్ర మహాసభకు హైదరాబాద్ నుంచి వెళ్లి అధ్యక్షత వహించిన దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ జీవితాన్ని పెద్ద తెర మీద నిజాయతీగా చూపించాలంటే ఏమేం కావాలో ఆలోచించండి. నిజాం కాలపు హైదరాబాద్ బస్తీలు, ఆనాటి బెజవాడ, ఆవిరి రైలు, సభకు తరలివచ్చిన వందల మంది, వారి ఒంటి మీది బట్ట. ఆ బట్ట ఎలా ఉండేదో చెప్పగల పెద్దలు కరువవుతున్నారు. ఆ సినిమా తీయాలనుకునే యువ దర్శకుడు అంచనా కాగితం పట్టుకుని ఏ తలుపు తట్టాలి? రెండు ప్రభుత్వాల చలనచిత్ర అభివృద్ధి సంస్థలు ముందుగా ఆ ఒక్క ప్రశ్నకు రాతపూర్వకంగా సమాధానం ఇవ్వాలి.