టీవీని వెనకనుంచి చూసేవారు

టెలివిజన్ వల్ల సమాజం చెడిపోతోందని వాపోయే మేధావులకు మన దగ్గర కొదవలేదు. దశాబ్దాలుగా వాపోతున్నారు, అదీ ఎక్కువగా టీవీలోనే. పరిష్కారం మాత్రం ఒక్కరూ చూపలేకపోయారు. ఆ పరిష్కారం ఎప్పటినుంచో మన మధ్యనే ఉందని, మేడమీది గదిలో చేత స్క్రూడ్రైవరు పట్టుకుని, ఇంటివారి చూపు తప్పించుకుంటూ కాలక్షేపం చేస్తోందని సవినయంగా మనవి చేస్తున్నాను. పాత టీవీ సెట్లను పోగేసి బాగుచేసే పౌరుల సంగతే ఇది.

వీరి గొప్పతనమేమిటంటే వీరు టీవీని వెనకనుంచి చూస్తారు. ముందు తెరమీద ఏమి జరుగుతున్నా వీరికి పట్టదు. నలుగురు కూర్చుని దేశభవిష్యత్తు గురించి కేకలు వేసుకుంటున్నారనుకోండి, ఎవరిది న్యాయమని మనం కొట్టుకుంటాం. వీరు మాత్రం ఆ అరిచేవారి నుదురు సాగిందా, గడ్డం కుదించుకుపోయిందా అని చూస్తారు. నుదురు సాగితే, బొమ్మ ఎత్తును చూసుకునే వెర్టికల్ సెక్షన్‌లో ఏదో కండెన్సరు ఎండిపోయిందని తేల్చేస్తారు. వార్తాచర్చ చూసి ఇంత కచ్చితమైన నిర్ధారణకు వచ్చే ప్రేక్షకుడు ఈ దేశంలో మరొకడు ఉంటే చూపించండి.

ఈ పౌరుల దినచర్య క్రమశిక్షణకు నిలయం. ఆదివారం లోకమంతా మాంసం కొట్టు ముందు వరుసలో నిలబడితే, హైదరాబాదులో ఉన్నవారు ఎర్రగడ్డ సంతలో ఉంటారు. గురువారం జుమ్మేరాత్ బజార్. విడిభాగాలకు కోఠిలోని గుజరాతీ గల్లీ, అక్కడ దొరకనివాటికి చెన్నై రిచీ స్ట్రీట్. తీర్థయాత్రలకు రమ్మంటే సెలవు దొరకదని చెప్పేవారికి వీటన్నిటికీ సెలవు ఎక్కడినుంచి వస్తుందో వారి పైఅధికారులకే తెలియాలి. పాతసామాను వ్యాపారి మొదట సెట్టును కిలోల లెక్కనే తూచబోతాడు. ఎదుటివాడి కళ్లలో ఆ మెరుపు కనిపించగానే తక్కెడ పక్కన పెట్టి "యాంటిక్ సార్" అంటాడు. కొంటున్న ఈ పెద్దమనిషే కొన్నేళ్ల క్రితం ఇలాంటి సెట్టునే పండుగ ఎక్స్‌ఛేంజి బేరంలో కొట్టువాడికి అప్పగించి, ఆటో చార్జీ కూడా తానే ఇచ్చి, పీడ వదిలిందనుకున్నాడు. దానికి ఇప్పుడు వేలు పోస్తున్నాడు. ఆర్థికశాస్త్రంలో దీనికేదో పేరు ఉండే ఉంటుంది, ఇంట్లో పెట్టే పేరు మాత్రం అచ్చు వేయదగినది కాదు.

అందరికీ సమానత్వం బోధించే ఈ వర్గంలో సెట్లకు మాత్రం కులాలున్నాయి. అగ్రస్థానం షట్టరు టీవీది. నాలుగు కాళ్లు, చెక్క పెట్టె, ఇటూ అటూ జరిగే తలుపులు, తలుపులకు తాళం. డయనోరా, సాలిడేర్, టెలివిస్టా, వెస్టన్, క్రౌన్ అన్న పేర్లు వీరు గోత్రాలు చెప్పుకునే శ్రద్ధతో పలుకుతారు. ఆ తరువాత కేరళ కెల్ట్రాన్, ఉత్తరప్రదేశ్ అప్ట్రాన్ వంటి ప్రభుత్వ సంతానం. 1982లో ఆసియా క్రీడల పుణ్యమా అని వచ్చిన రంగుల సెట్లను పంక్తిలో కాస్త దూరంగా కూర్చోబెడతారు. ప్లాస్టిక్ పెట్టెలో వచ్చిన 14 అంగుళాలదానికి గుమ్మం దాటి ప్రవేశం లేదు. గోడకు తగిలించే సన్నటి టీవీ ఊసెత్తితే కాఫీ కూడా ఇవ్వరు.

మన హైదరాబాదీలకు ఇందులో ప్రత్యేక అభిమానం ఈసీ టీవీ మీద. దాన్ని తయారుచేసిన ఈసీఐఎల్ సంస్థ 1967లో అణుఇంధన శాఖ కింద పుట్టింది. అణుశక్తి చూసుకునే శాఖ నీడలో తయారైన సెట్టును పట్టుకుని "పాత డబ్బా" అనడం దేశభద్రత దృష్ట్యా కూడా మంచిది కాదు. ఆ రోజుల్లో నలుపు తెలుపు పిక్చర్ ట్యూబులను బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసేది. నేడు మన ఎన్నికల ఓటింగ్ యంత్రాలను తయారుచేస్తున్నవి ఈ రెండు సంస్థలే. అప్పుడూ ఇప్పుడూ మీట నొక్కడం వరకే మన వంతు, తరువాత కనిపించేవారిని ఐదేళ్లయినా ఓపికగా చూడాలి.

సేకర్తల కలలోకి వచ్చే సెట్టు ఇంకొకటి ఉంది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు నాసావారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఇస్రో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు కార్యక్రమాలు పంపింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. కోళ్ల గూటికి కట్టే ఇనుప జాలీతో మూడు మీటర్ల యాంటెన్నా, దాని కింద ఊరికంతటికీ ఒకే టీవీ. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ గురించి ఊరిజనం సాయంత్రాలు చూశారు. ఏడాది గడిచాక నాసావారు ఉపగ్రహాన్ని వెనక్కు జరుపుకున్నారు. ఆ సెట్లలో ఒకటి ఇంకా ఏదో పంచాయతీ గదిలో ఎరువుల బస్తాల వెనక నక్కి ఉందని నమ్మేవారున్నారు. వీరు పల్లెకు వెళ్తే మొదట సర్పంచిని పలకరిస్తారు, తరువాత గదుల తాళాల గురించి అడుగుతారు. పాపం సర్పంచి నిధుల లెక్క అడగడానికి వచ్చారేమోనని కంగారుపడతాడు.

ఇక మరమ్మతు. పాత మెకానిక్కులు చెప్పే మొదటి నియమం, వెనక మూత తీశాక ఒక చేయి జేబులో పెట్టుకోవాలన్నది. రెండు చేతులూ లోపల పెడితే కరెంటు ఒక చేతినుంచి మరో చేతికి గుండె మీదుగా పోతుంది. సెట్టు ఆపినా పిక్చర్ ట్యూబు మాత్రం తనలోని పదివేల వోల్టులకు పైబడిన ఆవేశాన్ని చాలాసేపు దాచుకుంటుంది. ప్లగ్గు తీసేశాం కదా అన్న ధీమాతో వేలు పెట్టినవారు మళ్లీ అలాంటి ధీమా ప్రదర్శించరు. ఎండిన కండెన్సర్లన్నీ మార్చాలి, కాలిన బీయూ 205 ట్రాన్సిస్టరుకు జోడు వెతకాలి, ట్యూబుకు ఆ వేల వోల్టులు అందించే ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మరు చిటపటలాడకుండా చూడాలి. ఇల్లంతా టంకం పొగ. వంటింట్లో మిక్సీ పాడై ఎన్నాళ్లయిందని అడగకండి. మిక్సీకి చారిత్రక ప్రాధాన్యం లేదు.

ఇంత శ్రమకు ఫలితంగా సెట్టు వెలుగుతుంది. వెంటనే ఇంట్లో పిల్లలు చెవులు మూసుకుని పరుగెత్తుతారు. పెద్దాయనకు కారణం అర్థం కాదు. మన ప్రమాణంలో తెరమీద 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు, మొత్తం సెకనుకు 15,625 గీతలు. ఆ లెక్కనే ట్రాన్స్‌ఫార్మరు సన్నగా కూస్తుంది. ఆ కూత పిల్లల చెవులకు చక్కగా అందుతుంది, వయసు ముదిరినవారికి అందదు. అంటే ఈ టీవీని ఇంత ప్రేమగా బాగుచేసే వయసు వచ్చేసరికి దాని గొంతు వినే భాగ్యం పోతుంది. ప్రకృతి చేసిన ఈ ఏర్పాటులో ఇంటి యజమాని మీద కొంత కరుణ కనిపిస్తోంది, పిల్లల మీద మాత్రం లేదు.

అమెరికాలో ఈ వేడుక మరింత శాస్త్రోక్తం. ఓహాయో రాష్ట్రంలో కొలంబస్ పక్కన హిలియార్డ్‌లో తొలినాటి టీవీలకు ఒక మ్యూజియమే ఉంది. అక్కడి తెలుగు పిల్లలు అమ్మానాన్నలను నయాగరా తీసుకెళ్తారు తప్ప ఇక్కడికి తీసుకెళ్లరు, ఊళ్లో అటకమీద ఉన్నది గుర్తొచ్చి తెచ్చి ఇక్కడ పెట్టమంటారని భయం కాబోలు. ఆ దేశపు పాత పిక్చర్ ట్యూబుల ముందు రక్షణకోసం అతికించిన అద్దం ఉంటుంది. ఏళ్లు గడిచాక మధ్యలోని జిగురు పాడై అంచులనుంచి తెల్లమచ్చలు పాకుతాయి. దాన్ని అక్కడివారు శుక్లమనే అంటారు. వేడిచేసి, సన్నని తీగతో కోసి, అద్దం విడదీసి శుక్లం తీస్తారు. మన దగ్గర మనుషుల శుక్లాలకే ఉచిత శిబిరాలున్నాయి. టీవీల సంగతి ఏ మేనిఫెస్టోలోనూ కనిపించలేదు.

సెట్టు బాగయింది. చూపు వచ్చింది. చూడడానికి ఏమీ లేదు. ఎందుకంటే దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దశలవారీగా మూసేసి, 2022 నాటికి కొద్ది ప్రాంతాల్లో తప్ప ఆ ప్రసారాలు ఆపేసింది. మేడమీద కాకి వాలే యాంటెన్నా నిలబెట్టినా కాకి తప్ప ఏమీ రాదు. అందుకని సేకర్త ఒక మాడ్యులేటర్ పెట్టె కొని, దాన్ని సెల్‌ఫోనుకు తగిలించి, ఫోనులోని వీడియోను తన షట్టరు టీవీకి పంపుతాడు. ఏ వీడియో అంటారా? మరెక్కడో మరొకాయన తన పాత టీవీ బాగుచేస్తున్న వీడియో. ఇక్కడ నా సిద్ధాంతం రుజువైందని గమనించగలరు. ఆయన ముందునుంచి చూస్తున్నప్పుడు కూడా చూస్తున్నది వెనకభాగాన్నే.

ఇందులో నాకు నచ్చనిది ఒక్కటుంది. అసలు నాబ్, అసలు వార్నిష్, అసలు కంపెనీ బిళ్ల అంటూ ప్రాణం పెట్టే ఈ పెద్దలు అసలైన వాతావరణాన్ని మాత్రం పునరుద్ధరించడం లేదు. 1987లో ఆదివారం ఉదయం రామకథ వచ్చేవేళ ఊళ్లో టీవీ ఉన్న ఇంట్లో నేలమీద కాలు పెట్టే చోటుండేది కాదు. కొందరు తెరకు హారతి పట్టేవారు. మేడమీద ఒకడు యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా?" అంటే కిందినుంచి "పోయింది" అనేవారు. సరిగ్గా బాణం వదిలేవేళకు కరెంటు పోయేది. ఇవేవీ లేకుండా ఒంటరిగా సోఫాలో కూర్చుని చూస్తే దాన్ని పునరుద్ధరణ అని ఎలా అంటారు? నేటి అపార్టుమెంటులో పక్కింటివారు రావాలంటే కాపలాదారు ఫోను చేసి అనుమతి అడగాలి, నిజమే. అయినా ప్రయత్నించాలి. 1980ల నడిమిదాకా టీవీకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టించుకునేవారు. దాన్ని పాత సెట్లకు మాత్రమే తిరిగి తెచ్చి, యాంటెన్నా తిప్పే కుర్రవాడు ఉన్న ఇంటికే లైసెన్సు ఇవ్వాలని నా సూచన.

చివరిగా గృహస్థులకు ఒక ప్రకటన. పాత టీవీల్లో ఎర్ర పాదరసం ఉంటుందని, దానికి లక్షలు పలుకుతాయని దక్షిణాదిలో అడపాదడపా పుకార్లు లేస్తుంటాయి. 2009లో సౌదీ అరేబియాలో ఇదే పుకారు కుట్టుమిషన్ల మీద లేచి ధరలు ఆకాశానికంటాయి. అటువంటి పదార్థమే లేదు, కాబట్టి పిక్చర్ ట్యూబు పగలగొట్టి చూడకండి. అందులో ఉండేది శూన్యమే, పగిలితే గాజు ముక్కలు ముఖం మీదికి వస్తాయి. సెట్టు ఎవరికిచ్చినా ఇవ్వకపోయినా, షట్టరు తాళంచెవి ఏ పోపులపెట్టెలోనైనా, దేవుడి గూట్లోనైనా కనిపిస్తే దయచేసి పారేయవద్దు. పరీక్షల రోజుల్లో నాన్నలు దాచి మరిచిపోయిన తాళంచెవుల కోసం చాలామంది వెతుకుతున్నారు. సెట్టు వారి దగ్గర ఉంది, బాగా పనిచేస్తోంది కూడా. తలుపులే తెరుచుకోవడం లేదు.