కొసరు ఎవల్ని అడుగుతం?

డల్లాస్‌ల మన సంఘం పోయిన బతుకమ్మ ప్రోగ్రాం రోజు స్కూల్ ఆడిటోరియం బయట కారిడార్‌ల వరుసగా స్టాళ్ళు పెట్టిన్రు కదా, అండ్ల మూడోది చీరల స్టాలు. లోపల మైకు మొరాయిస్తుంటె నేను బయటికొచ్చి సమోస తినుకుంట నిలబడ్డ. అప్పుడు చూసిన. ఒకాయన (ఎవరో చెప్ప, ఆయన గూడ గీ పత్రిక చదువుతడు), మంచి ఉద్యోగం, పార్కింగ్‌ల టెస్లా ఉన్నది, ఒక పోచంపల్లి చీర చేతుల పట్టుకొని పావుగంట సేపు బేరం చేసిండు. ఆమె 140 డాలర్లు అన్నది, ఈయన 90 కాడ పట్టిండు. "అక్కా, మనోళ్ళకి గూడ గిదే రేటా?" అంటడు. "మనోళ్ళని చెప్పే గిది అన్నా" అని ఆమె నవ్వుతది. ఆఖరికి 110కి తెగింది. ఫోన్‌ల పైసలు కొట్టినంక గూడ ఆయన కదలలే, "ఫాల్ ఊకెనే ఇయ్యాలె మరి" అన్నడు. ఇచ్చింది.

గదే మనిషి మాల్‌కి పోతె స్టిక్కర్ మీద ఎంతుంటె అంత కడ్తడు, బిల్లు కాడ టాక్స్ కలిసినంక ఇంకింత ఎక్కువైనా నోరు మెదపడు. నేను గూడ అంతే, ఆయన్ని అనుడెందుకు. డల్లాస్‌ల 20 ఏళ్ళ సంది ఉంటున్న, ఒక్కసారన్న క్యాష్ కౌంటర్ పిల్లని "తగ్గియ్యరాదా" అని అడగలే. ఇండియన్ స్టోర్‌కి పోతె మాత్రం కరివేపాకు ఊకెనే వేస్తడేమో అని చెయ్యి దానంతటదే చాపుతది.

ఇది పిసినారితనం కాదని నా వాదన.

నల్గొండల ప్రకాశం బజార్‌ల మా నాయిన సామాన్లు తెచ్చే కిరాణం దుకాణం ఒకటి ఉండేది. మాది వ్యవసాయం, వడ్లు అమ్మినంకనే చేతుల పైసలు, అప్పటిదాక అంతా ఉద్దెరనే. సేటు కాడ పొడుగు పుస్తకం, అండ్ల మాకొక పేజీ. కందిపప్పు జోకుతడు, ముల్లు సరిగ్గ నడిమిట్ల ఆగుతది, అప్పుడు ఒక పిడికెడు తీసి మీదికెల్లి పోస్తడు. నేను పోతె చేతుల బెల్లం ముక్క పెడ్తడు. ఆ పిడికెడు, ఆ బెల్లం ముక్క ఖరీదు అన్నీ రేటులనే కలిపి ఉంటయని మా నాయినకి తెల్వదా? మంచిగ తెలుసు. అయినా పిడికెడు పడకుంటె దినమంతా మొఖం మాడ్చుకునేటోడు. "బై వన్ గెట్ వన్" అంటె ఎవడొచ్చినా ఇస్తరు, కొసరు అట్ల కాదు, నీ మొఖం చూసి ఇస్తరు. వడ్లు పండకున్నా వీడు మనకి ఉప్పు పప్పు ఇస్తడు అన్న ధీమా ఆ పిడికెట్లనే ఉంటది.

నాయిన 2016ల ఇక్కడికొచ్చినప్పుడు కాస్కో అని పెద్ద మెంబర్‌షిప్ దుకాణానికి తీస్కపోయిన. వాపసు కౌంటర్ లైన్‌ల ఒక పెద్దమనిషి వాడిన పరుపు కార్ట్‌ల నిలబెట్టుకొని ఉన్నడు, మరక గూడ కనవడ్తున్నది. ఆ కౌంటర్ పిల్ల రెండు మాటలు అడిగి పైసలు వాపసు ఇచ్చింది. మా నాయిన అట్లనే చూసి, "ఎందుకు తీసుకున్నది?" అన్నడు. వాళ్ళ పాలసీ నాయినా అన్న. "ఎవల కొడుకు, ఏ ఊరు అని అడగదా?" అన్నడు. మెంబర్‌షిప్ కార్డ్ ఉంటె చాలు నాయినా అన్న. ఆయనకి నచ్చలే. మోసమైతదని కాదు, మనిషిని అడగకుంట నమ్ముడు ఏందని.

గీర్ట్ హాఫ్‌స్టెడ్ అని నెదర్లాండ్స్ పెద్దమనిషి, 1960ల చివర్ల, 70ల మొదట్ల ఐబీఎంల పనిచేసేటోళ్ళని దేశదేశాల ప్రశ్నలడిగి, ఏ దేశపోళ్ళు "నేను" అనుకుంటరు, ఏ దేశపోళ్ళు "మేము" అనుకుంటరు అని మార్కులేసిండు. "నేను" లెక్కల అమెరికా మొదటి నంబర్. ఒక్క కంపెనీల జీతగాళ్ళని అడిగి దేశం మొత్తానికి మార్కులేంది అని ఆయన్ని తప్పు పట్టినోళ్ళు గూడ మస్తుమంది ఉన్నరు, అది నిజమే. అయినా మార్కెటింగ్ చదివెటోళ్ళకి ఇప్పటికీ ఆయన పాఠం ఉంటది. నాకైతె పరుపు లైన్‌ల మా నాయిన అడిగిన ప్రశ్ననే ఎక్కువ అర్థమైంది.

పెద్ద కంపెనీలు గూడ గీ నమ్మకం, అలవాట్ల కాడనే బోల్తా పడ్డయి. వాల్‌మార్ట్ 1997ల జర్మనీకి పోయింది, అమెరికాల లెక్కనే తలుపు కాడ మనిషిని నిలబెట్టి వచ్చినోళ్ళకి నవ్వుకుంట స్వాగతం చెప్పిపిచ్చింది, సామాన్లు సంచుల వేసి ఇప్పిచ్చింది. జర్మన్లకి అది ఇబ్బంది అయింది, ముక్కు మొఖం తెల్వనోడు నన్ను చూసి ఎందుకు నవ్వుతున్నడు, నా సామాన్లు వాడెందుకు ముట్టుకుంటడు అని. అదొక్కటే కారణం కాదులే, అక్కడ ఆల్డి లాంటి చౌక దుకాణాలు ముందే పాతుకుపోయినయి. మొత్తానికి 2006ల 85 స్టోర్లు మెట్రో అనే అక్కడి కంపెనీకి అమ్ముకొని బయటపడ్డది. మన దిక్కు చూస్తె, 1990లల కెలాగ్స్ వచ్చి చల్లటి పాలల్ల కార్న్‌ఫ్లేక్స్ తినమన్నది. మనం పాలు కాగవెట్టకుంట తాగుతమా? వేడి పాలు పోసిన్రు, గిన్నెల గంజైంది.

మన సంగతి చెప్పాలంటె బియ్యం కాడికి రావాలె.

2023 జూలై 20ల ఇండియా బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి బంద్ పెట్టింది. ఆ రోజు పొద్దున మా వాట్సాప్ గ్రూప్ ఎట్ల మోగిందో మీకందరికి యాదికుంటది. మా ఆఫీస్‌ల పనిచేసే ఒకామె లైన్‌ల నిలబడి ఫొటో పెట్టింది, దాన్ని చూసి నలుగురు ఉరికిన్రు, ఆ నలుగురిని చూసి నేను ఉరికిన. నేను మొదట పోయిన స్టోర్‌ల ఇంటికొక్క బ్యాగే అన్నరు, రేటు డబల్ చేసిన్రు. ఆ దినం కొసరు ఎవరికీ యాదికి రాలే. నేను మూడు స్టోర్లు తిరిగి నాలుగు సోనా మసూరి బ్యాగులు తెచ్చి గ్యారేజ్‌ల పెట్టిన. రెండు బ్యాగులు తినేసరికి మిగిలిన వాటిల ముక్కపురుగు పట్టింది. టెక్సస్ ఎండలకి గ్యారేజ్‌ల బియ్యం పెట్టొద్దని మా ఆవిడ ముందే చెప్పింది, అది వేరే సంగతి.

చూడున్రి, ఆ దినం గూడ పక్క స్టోర్‌ల థాయిలాండ్ జాస్మిన్ బియ్యం, కాలిఫోర్నియా బియ్యం షెల్ఫ్ నిండ ఉన్నయి. బాస్మతి మీద బంద్ లేనేలేదు. ఒక్కడు ముట్టలే. ఊర్లకి ఫోన్ చేస్తె నాయిన నవ్విండు. "మిర్యాలగూడ మిల్లులు నడుస్తనే ఉన్నయి గదరా, నీకేమైంది? చిన్నప్పుడు నువ్వు తిన్నది దొడ్డుబియ్యమే" అన్నడు.

నిజమే. సన్నబియ్యం మా ఇంట్ల చుట్టాలొస్తేనే. సాగర్ ఎడమ కాలువ కింద సన్నాలు పండిచ్చినోళ్ళు గూడ అవి మిల్లుకి తోలి ఇంటికి దొడ్డువే ఉంచుకునేటోళ్ళు. మా ఆవిడది గద్వాల దిక్కు, వాళ్ళకి దొడ్డుబియ్యం గూడ పండక్కే, దినాం జొన్నరొట్టె. 1983ల ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినంకనే పాలమూరు ఇండ్లల్ల అన్నం దినాం ఉడికింది అని మా అత్తమ్మ చెప్తది. మొన్న 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌ల సర్కార్ రేషన్ కార్డుకి సన్నబియ్యం మొదలుపెట్టింది, మనిషికి 6 కిలోలు. దొడ్డుబియ్యంల గూడ కడుపు నిండుతది, మరి సన్నబియ్యం అంటె ఎందుకంత సంబురం? సన్నబియ్యం తింటున్నం అంటె మేము గూడ చుట్టాల లెక్క అయినం అన్నట్టు. గ్యారేజ్‌ల నాలుగు బ్యాగులు పెట్టుకున్న నాది గూడ గదే రోగం. ఇక మా ఆవిడ, జొన్నరొట్టె వద్దనుకొని ఇంత దూరం వచ్చినామె, ఇప్పుడు జొన్నపిండి "గ్లూటెన్ ఫ్రీ" అని రాసి ఉన్న సంచి బియ్యం కంటె ఎక్కువ పెట్టి కొంటున్నది. అడిగితె డాక్టర్ చెప్పిండు అంటది. గాయన గుజరాతీ, జొన్నల గురించి చెప్పిండో లేదో నాకు అనుమానమే.

ఇప్పుడు చీర కాడికి మళ్ళొస్త, నా కంప్లైంట్ అక్కడున్నది.

మనం బేరం చేసేది మనోళ్ళు అనుకున్నోళ్ళతోనే. బాగనే ఉన్నది. కని మనోళ్ళు అని పేరు పెట్టి కొంటున్న సామాను ఏందో చూడాలె గద. ఆ దినం స్టాల్‌ల ఉన్న "పోచంపల్లి"ల సగం ప్రింట్‌వే. కొంగు తిప్పి చూస్తె తెలుస్తది, ప్రింట్‌ది ఎనక వెలిసినట్టు ఉంటది, అసలుది రెండు దిక్కులా ఒక్కటే రంగు, డిజైన్ అంచులు కత్తితోని కోసినట్టు ఉండవు, కొంచెం చెదిరినట్టు ఉంటయి. ఎందుకంటె నూలుకి ముందే చిటికి కట్టి (రంగు అంటొద్దన్న కాడ దారం గట్టిగ చుట్టి) రంగులద్ది తర్వాత నేస్తరు. ఆ నూలు ఆసు పోసుడంటె, అంటె చిటికి కట్టేముందు పోగుని మేకుల చుట్టు తిప్పుడంటె, ఒక్క చీరకి చెయ్యి 9000 సార్లు అటుఇటు తిప్పాలె. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మ భుజం నొప్పి చూడలేకనే ఆసు మిషిన్ కనిపెట్టిండు, అమ్మ పేరే పెట్టిండు దానికి, లక్ష్మి అని. 2017ల పద్మశ్రీ ఇచ్చిన్రు. పోచంపల్లికి జీఐ గుర్తింపు (ఆ జాగల తయారైనదానికే ఆ పేరు అనేది) వచ్చి 20 ఏళ్ళు దాటింది. మన సంఘం స్టేజ్ మీద "మన పోచంపల్లి" అని ఫ్యాషన్ షో చేస్తది, బయట ప్రింట్ చీర అదే పేరుతోని అమ్ముడుపోతది, రెండింటికీ చప్పట్లు మనయే.

కమిటీ వాళ్ళని అడిగేది ఒక్కటే. వచ్చే ఏడాది ఒక స్టాల్‌కి ఫీజు తీసుకోకున్రి. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట నుంచి నేరుగ మగ్గమోళ్ళ కాడ తెచ్చినయి మాత్రమే అక్కడ పెట్టిపియ్యున్రి, పక్కకే ఒక ప్రింట్ చీర గూడ పెట్టి రెండింటి కొంగు తిప్పి చూపెట్టే మనిషిని కూసోవెట్టున్రి. బేరం చేసెటోళ్ళు చేసుకోనీ, చూసి చేస్తరు.

ఆ దినం ప్రోగ్రాం అయిపోయినంక నేను గూడ ఆ స్టాల్ కాడికి పోయిన. ఆ టెస్లాయన తీసుకున్నది అసలుదేనా అని అడిగిన. అసలుదే అన్నా అన్నది. మరి 30 డాలర్లు తగ్గిచ్చినవ్ కదా, నీకేం మిగిలింది అంటె చీరలు మడతపెట్టుకుంటనే నవ్వింది.

"110కే ఇద్దామనుకున్న అన్నా. 140 అని చెప్పకపోతె ఆయనకి కొన్నట్టే ఉండదు."

ఫాల్ సంగతి అడిగిన. అవి ఒక డబ్బ నిండ తెచ్చుకున్నదంట, గందుకే.